నాలుగో గ్రేడు

పోయిన వారం హైమవతమ్మ మనవరాలిని ఒళ్లో పెట్టుకుని నోయిడా ఆసుపత్రి వరండాలో కూర్చుని ఉండగా మనం ఆగిపోయాం. ఆమె ఆ ఆసుపత్రిలోనే ఉంది. కుర్చీ ఒక్కటే మారింది. వరండాలోని ఇనుప కుర్చీ నుంచి డాక్టరమ్మ గదిలోని మెత్తటి కుర్చీలోకి వచ్చింది. కుర్చీ మెత్తగా ఉంటే మనసు కుదుటపడుతుందని ఏ ఆసుపత్రివాళ్లు కనిపెట్టారో గానీ, హైమవతమ్మకు మాత్రం అందులో ముళ్లమీద కూర్చున్నట్టే ఉంది.

కొత్తగా చదువుతున్నవాళ్లకు రెండు ముక్కలు చెప్పాలి. హైమవతమ్మది తెనాలి. కూతురు సుభాషిణి పురిటికని ఢిల్లీ పక్కన ఇందిరాపురం వచ్చింది. మూడు నెలలుండి వెళదామనుకున్న మనిషి ఎనిమిది నెలలైనా కదల్లేదు. సుభాషిణి, ఆమె భర్త నిరంజన్ ఇద్దరూ కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు. పొద్దున ఎనిమిదింటికి ఆఫీసు బస్సెక్కితే సాయంత్రం ఏడింటికి దిగుతారు. వాళ్ల పిల్ల ప్రవల్లిక అమ్మమ్మ చేతుల్లోనే పెరుగుతోంది. పది రోజుల కిందట పిల్లకు జ్వరం తగిలింది. పళ్లొస్తున్నాయిలే అనుకున్నారు. నాలుగో రోజున డిస్పెన్సరీ డాక్టరు మూత్రం పరీక్ష చేయించి, పెద్దాసుపత్రికి తీసుకెళ్లమన్నాడు. అక్కడ స్కాన్ తీస్తే, కడుపులో ఉండగా కాస్త వాచినట్టు కనిపించిన ఎడమ కిడ్నీ ఇప్పుడు బాగా వాచిపోయి ఉందని తేలింది. నాలుగో గ్రేడు అన్నారు. మందులకు జ్వరం దిగింది గానీ ఆ మాట ఎవరి గుండెల్లోంచీ దిగలేదు.

ఈ పొద్దున పిల్ల చేతికి సూది గుచ్చి, ఏదో మందెక్కించి, పెద్ద కెమెరా కింద కదలకుండా పడుకోబెట్టి ఇంకో పరీక్ష చేశారు. రెండు కిడ్నీలూ కలిసి చేసే పనిలో వాచినదాని వంతు నూటికి ఎంతో చెప్పే పరీక్ష అది. కాగితం గంటలో వస్తుందన్నారు. ఆ గంటలోనే నిరంజన్ డాక్టరుతో తేల్చుకోవలసింది తేల్చుకుందామని అందరినీ గదిలోకి నడిపించాడు.

డాక్టర్ సబర్వాల్ యాభై దాటిన మనిషి. పిల్లల కిడ్నీలు చూడడమే ఆమె పని. నిరంజన్ సంచిలోంచి ఫైలు తీసి ఆమె బల్లమీద పెట్టాడు. పిల్ల పుట్టిన రోజు నుంచి ప్రతి కాగితానికీ పేజీ నంబరు వేసి, అవసరమైన చోట రంగు చీటీలు అంటించిన ఫైలు. అలాంటి ఫైలు చూస్తే ఏ డాక్టరుకైనా గుండె ఝల్లుమంటుంది. ఈమె మాత్రం కళ్లజోడు సర్దుకుని ఊరుకుంది.

"మేడమ్, పుట్టిన రెండో రోజు స్కాన్‌లో గ్రేడ్ వన్. పేజీ నాలుగు చూడండి. ఇప్పుడు గ్రేడ్ ఫోర్. మా ఆఫీసులో ఒక్క గ్రేడు దాటడానికి ఏడేళ్లు పడుతుంది. ఎనిమిది నెలల్లో మూడు గ్రేడ్లు ఎలా దాటింది మేడమ్?" అన్నాడు ఇంగ్లీషులో.

హాస్యానికి అనలేదు. నిజంగానే అతనికి లెక్క అంతుబట్టలేదు.

డాక్టరమ్మ మందుల చీటీ వెనక్కి తిప్పి చిక్కుడుగింజ ఆకారంలో ఒక బొమ్మ గీసింది. హిందీ సగం, ఇంగ్లీషు సగం కలిపి చెప్పడం మొదలుపెట్టింది. నిరంజన్ వింటూ, ఒక్కో మాటా అత్తగారికి తెలుగులో అందిస్తూ వచ్చాడు.

"ఇది కిడ్నీ అత్తయ్యగారూ. మధ్యలో గరాటులాంటిది ఉంటుందట. కిడ్నీలో తయారైన మూత్రం ముందు చిన్న చిన్న గిన్నెల్లోకి దిగుతుంది. ఆ గిన్నెల్లోంచి గరాటులోకి, గరాటులోంచి గొట్టంలోకి. దారిలో ఎక్కడైనా ఇరుకైతే వెనక్కి నిలబడిపోతుంది. ఎంత వెనక్కి నిలబడిందో చూసి గ్రేడు వేస్తారట."

"అట్టాగా," అంది హైమవతమ్మ. ఒళ్లో పిల్ల నిద్రపోతోంది. సూది గుచ్చిన చేతికి తెల్ల పట్టీ చుట్టి ఉంది. ఆ చెయ్యి ఒరుసుకోకుండా ఆమె తన కొంగు మడిచి కింద పెట్టింది.

డాక్టరమ్మ గరాటును కొంచెం వెడల్పు చేసి గీసింది. ఇది ఒకటో గ్రేడు. ఇంకాస్త ఉబ్బించి, ఒకటి రెండు గిన్నెలు కూడా గీసింది. ఇది రెండు. గిన్నెలన్నీ ఉబ్బితే మూడు. మూడో గ్రేడు దాకా చుట్టూ ఉన్న కండ మందంగానే ఉంటుందట. ఆ కండే కిడ్నీకి ప్రాణం. ఉబ్బిన గిన్నెలు లోపలి నుంచి నొక్కగా నొక్కగా ఆ కండ పలచబడిందంటే అది నాలుగు.

చెబుతున్నంతసేపూ నిరంజన్ గొంతు ఆఫీసులో నోట్ చదువుతున్నట్టు గట్టిగా ఉంది. నాలుగు దగ్గర మాత్రం కాస్త సన్నగిలింది. సుభాషిణి బొమ్మ వైపు చూడకుండా గోడ మీది క్యాలెండరు చూస్తూ కూర్చుంది.

"ఐదో గ్రేడు ఉందా, అడగండి బాబూ," అంది హైమవతమ్మ.

నిరంజన్ అడిగాడు. డాక్టరమ్మ ఆమె వైపు తిరిగి, "నహీఁ మాజీ, ఇసీ పే ఖతమ్," అంది మెల్లగా.

ఈ ముక్క అల్లుడు చెప్పనక్కర్లేకుండానే అర్థమైంది. ఇంకా పెద్దది లేదని ఒక్క క్షణం ఊపిరి పీల్చుకుంది. ఆ వెంటనే, అన్నిటికన్నా పెద్దదే తన ఒళ్లో ఉందని తెలిసొచ్చింది.

"మందులతో మూడుకు దిగదా?"

దిగదట. ఒకటి, రెండు అయితే చాలామంది పిల్లల్లో వాటంతటవే పోతాయి, స్కాన్లు తీసుకుంటూ కనిపెట్టి ఉంటే చాలు. మూడు కూడా కొందరిలో తగ్గుతుంది. నాలుగైతే ఆపరేషన్ చేసి, ఇరుకైన ముక్క కోసేసి, మంచి గొట్టాన్ని గరాటుకు కలిపి కుట్టాలి. అదైనా కిడ్నీలో పస మిగిలి ఉంటేనే. రాబోయే కాగితంలో నలభై పైన ఉంటే బెంగలేదు. నలభైకీ పదికీ మధ్య ఉంటే కుట్టి చూడాలి. పదికి లోపల ఉంటే కుట్టీ లాభం లేదు, తీసెయ్యడమే.

"తీసెయ్యడమంటే?" అంది హైమవతమ్మ. నిరంజన్ ఆమె మొహం వైపు చూడలేదు. "తీసెయ్యడమే అత్తయ్యగారూ," అన్నాడు.

డాక్టరమ్మ ఫైల్లో నాలుగో పేజీ తీసి తేదీ చూసింది. నుదురు చిట్లించింది.

"పుట్టిన రెండో రోజు ఎందుకు తీయించారు? కడుపులో ఉన్నప్పుడే వాపు కనిపించిన పిల్ల కదా, స్కాన్ అవసరమే, కానీ అంత తొందరగా కాదు. మొదటి రెండు రోజులు పసిపిల్లలకు మూత్రం బహు తక్కువ తయారవుతుంది. నీళ్లే లేకపోతే గరాటు ఏం ఉబ్బుతుంది? ఉన్న వాపు కూడా చిన్నదిగా కనిపిస్తుంది. ఈ ఒకటో గ్రేడును నమ్మడానికి లేదు. వారం ఆగి తీయించాల్సింది."

నిరంజన్ మొహమాటంగా దగ్గాడు. "ఇంట్లో పద్ధతి మేడమ్. పెద్దవాళ్లు..." అని ఆపేశాడు. ఆ ముక్క మాత్రం తెలుగులో చెప్పలేదు. చెప్పకపోయినా రెండో రోజు అన్నదీ, అల్లుడు మింగిన మాటా కలిపి చూసుకుని హైమవతమ్మ గ్రహించుకుంది.

పట్టుబట్టింది తనే. పురుడు వెళ్లకుండా, మూడో నెల రాకుండా పసిగుడ్డును గడప దాటించేది లేదని, జనవరి చలిలో ఆ ఫోటోలకోసం మళ్లీ ఆసుపత్రికి తిప్పడం తనవల్ల కాదని, ఏం తీయాలన్నా ఇంటికి పంపేలోపే తీసి పంపమని భీష్మించుక్కూర్చుంది. అల్లుడు పాపం ఆసుపత్రిలో ఇద్దరు ముగ్గుర్ని బతిమాలి ఆ పని చేయించాడు. ఒకటో గ్రేడే, భయం లేదు అన్నప్పుడు ఆమెకు ఎంత గొప్పగా అనిపించిందో! అపార్ట్‌మెంటు బ్లాకులో ఉన్న ఆంటీలందరికీ చెప్పుకుంది, మా వల్లికి అన్నీ ఆసుపత్రిలోనే అయిపోయినయ్ అని.

"సరే, రెండో రోజుది పోనీయండి," అంది డాక్టరమ్మ. "ఆరు వారాలకు మళ్లీ తీయించాలి కదా. అదేది?"

నిరంజన్ ఈ ప్రశ్న కోసమే కాచుక్కూర్చున్నాడు. ఎర్ర చీటీ ఉన్న పేజీ తెరిచాడు. పురిటప్పుడు ఇదే ఆసుపత్రివాళ్లు ఇచ్చిన డిశ్చార్జి కాగితం అది.

"చదవండి మేడమ్. ఆరు వారాలకు రిపీట్ స్కాన్, తేదీ ఫోన్ ద్వారా తెలియజేయబడును. మీ ఆసుపత్రి ముద్ర ఉంది. ఫోన్ రాలేదు. ఒక్క ఫోన్ కూడా రాలేదు."

"మీరైనా అడగాల్సింది."

"తెలియజేయాల్సింది మీరు మేడమ్! తెలియజేయలేదు గనక అవసరం లేదనుకున్నాం."

నిరంజన్‌ను తప్పుపట్టి లాభం లేదు. పదకొండేళ్లుగా కాగితం వస్తేనే కుర్చీ కదిలే చోట పనిచేస్తున్నాడు. పైనుంచి ఉత్తరం రాలేదంటే పని లేనట్టేనని ఆ మనిషి రక్తంలో ఇంకిపోయింది. కన్నబిడ్డ విషయంలో కూడా ఉత్తరం కోసమే ఎదురుచూశాడు. అది అతనికీ తెలుసు. తెలుసు గనకే ఇప్పుడు అంత గట్టిగా అరుస్తున్నాడు.

మూడు కాపీలు తీసిన ఫిర్యాదు బల్లమీద పెట్టాడు. ఒకటి ఆసుపత్రి పెద్దకు, ఒకటి ప్రభుత్వ ఆరోగ్య పథకం ఆఫీసుకు, ఒకటి వినియోగదారుల కోర్టుకు. ఫోన్లు చేయాల్సిన నర్సు ఎవరో కనుక్కుని, పేరుతో సహా రాశాడు. డాక్టరమ్మ అది చదివి, పెదవి బిగించి, సిస్టర్ ఏలియమ్మను పిలవమని కబురు పంపింది.

"ఏమంటున్నారు బాబూ?" అంది హైమవతమ్మ.

"మార్చిలో ఫోన్ చేసి స్కాన్‌కు రమ్మనాల్సిన నర్సు చెయ్యలేదత్తయ్యగారూ. దాని వల్లే మన పిల్లకు ఇంత దూరం వచ్చింది. వదిలిపెట్టను."

మార్చి.

అప్పటికి పిల్లకు రెండు నెలలు నిండబోతున్నాయి. నలుగు పెట్టి, కాళ్లమీద వేసుకుని నీళ్లు పోసి, సాంబ్రాణి పొగ వేస్తోంది. హాల్లో ఫోన్ మోగింది. తడి చేత్తోనే వెళ్లి ఎత్తింది. ఆసుపత్రి నుంచి మాట్లాడుతున్నామని హిందీలో ఎవరో ఆడమనిషి. బచ్చీ, అల్ట్రాసౌండ్ అన్న మాటలు స్పష్టంగానే అర్థమయ్యాయి. అర్థం కాకపోవడమేం, రెండు నెలలుగా ఆ మాటలే వింటోంది. అయిపోయిందానికి మళ్లీ ఎందుకు ఫోన్లు అనుకుంది. గదిలో పిల్ల గుక్కపెట్టింది. "హో గయా జీ, హో గయా," అని పెట్టేసింది. హిందీలో తడుముకోకుండా జవాబు చెప్పానని కాస్త మురిసింది కూడా. సాయంత్రం కూతురు ఇంటికొచ్చేసరికి ఆ సంగతే గుర్తులేదు.

ఇన్నాళ్లూ గుర్తులేదు. ఈ పది రోజుల్లో కూడా, నమ్మండి, ఒక్కసారి గుర్తు రాలేదు. ఇప్పుడు సాంబ్రాణి వాసనతో సహా వచ్చి మీద పడింది.

ఏలియమ్మ లోపలికొచ్చింది. నలభై ఏళ్లుంటాయి, కేరళ మనిషి. చేతిలో అట్ట ఊడిన రిజిస్టరు. డాక్టరమ్మ అడిగింది. ఆమె పేజీలు తిప్పి, ప్రవల్లిక పేరు మీద వేలు పెట్టింది. పేరుకెదురుగా ఏమీ రాసి లేదు.

"ఫోన్ చేశాను మేడమ్. రెండో తారీఖున చేశాను. నేను అందరికీ చేస్తాను."

"చేస్తే ఎంట్రీ ఏది?" అన్నాడు నిరంజన్.

"వచ్చేవాళ్లకు తేదీ రాస్తాను సార్. అక్కర్లేదన్నవాళ్లకు ఖాళీగా వదిలేస్తాను."

"ఎంట్రీ లేకపోతే ఫోన్ లేనట్టే. ఎవరు మాట్లాడారు? పేరు చెప్పండి."

"పేరు అడగలేదు సార్. ఎవరో లేడీ. పెద్దావిడ గొంతు."

సుభాషిణి అప్పుడు క్యాలెండరు మీంచి చూపు తిప్పింది. వచ్చిన దగ్గర్నుంచి ఆమె మాట్లాడడం అదే మొదలు. "ఇంట్లో పెద్దావిడ మా అమ్మే. గ్యాస్ వాడు ఫోన్ చేసినా రాసిపెట్టి మరీ చెబుతుంది. పిల్ల విషయం దాస్తుందా? అబద్ధమైనా నమ్మేట్టు చెప్పండి సిస్టర్," అంది హిందీలో. తర్వాత తల్లి వైపు తిరిగి తెలుగులో, "చూడమ్మా, నువ్వే మాట్లాడావట!" అంది.

ఏలియమ్మకు కళ్లనిండా నీళ్లు తిరిగాయి. కాంట్రాక్టు ఉద్యోగం. పోవడానికి ఒక్క సంతకం చాలు. రిజిస్టరు గుండెలకు అదుముకుని నిలబడింది.

హైమవతమ్మ నోరు విప్పలేదు. అబద్ధమెందుకు, విప్పాలనీ అనిపించలేదు. కూతురు నమ్ముతోంది. అల్లుడు నమ్ముతున్నాడు. రిజిస్టర్లో ఏమీ లేదు. ఊరుకుంటే చాలు. ఒళ్లో పిల్ల బరువు, వేడి అన్నీ ఇలాగే ఉంటాయి. ఆ క్షణంలో ఆమెకు కావలసింది అంతే, ఆ పిల్ల తన ఒళ్లోంచి కదలకుండా ఉండడం. దానికోసం ఊరూ పేరూ తెలియని మనిషి ఉద్యోగం పోతే పోనీ అని కూడా అనిపించింది. అనిపించినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

"ఆవిడ ఏమంది?" అని అడిగింది డాక్టరమ్మ.

"హో గయా జీ, హో గయా అంది మేడమ్. రెండుసార్లు అంది. వెనకాల పసిపిల్ల ఏడుస్తోంది. వేరే చోట తీయించుకున్నారేమో అనుకున్నాను."

నిరంజన్ అలవాటుకొద్దీ ఇటు తిరిగాడు. "స్కాన్ అయిపోయింది, అయిపోయింది అన్నారట, అత్తయ్యగారూ."

ఆమె మాట ఆమెకే తెలుగు చేసి చెప్పాడు. ఎంత కోపంలో ఉన్నా, ముసలిదానికి అర్థం కాదేమోనని ఓపిగ్గా చెప్పాడు. ఆ మర్యాదకు హైమవతమ్మ తట్టుకోలేకపోయింది.

"నేనే బాబూ."

"ఏంటండీ?"

"ఆ అమ్మాయి చెప్పేది నిజం. ఫోన్ చేసింది. నేనే ఎత్తాను. అయిపోయిందని నేనే చెప్పాను. ఆసుపత్రిలో తీశారుగా, ఇంకెందుకులే అనుకున్నాను. మీకు చెప్పడం మర్చిపోయాను. దేవుడి తోడు, దాచలేదు బాబూ, మర్చిపోయాను."

డాక్టరమ్మ ఒకరి తర్వాత ఒకరిని చూసింది. "క్యా కహా మాజీ నే?" అని, ఆవిడ ఏమందో చెప్పమన్నట్టు నిరంజన్‌ను అడిగింది. అతను ఫైలు మూసి, దాని దారం ముడివేయడం మొదలుపెట్టాడు. ముడి పడలేదు. విప్పి మళ్లీ వేశాడు.

ఏలియమ్మ అలాగే నిలబడి ఉంది. ఆమెకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. తనమీద పడ్డ నింద పోయిందని చెప్పేవాళ్లే లేరు. హైమవతమ్మ ఆమెను చూసి, తనకొచ్చిన నాలుగు హిందీ మాటలూ కూడగట్టుకుంది.

"మైనే బోలా. సిస్టర్ ఝూఠ్ నహీఁ. హో గయా... మైనే బోలా." చెప్పింది తనేనని, సిస్టర్ అబద్ధమాడలేదని వేలు తన గుండెకు ఆనించుకుని చూపించింది.

డాక్టరమ్మకు అర్థమైంది. ఏలియమ్మను వెళ్లమని తల ఊపింది. వెళుతూ ఏలియమ్మ ఒక్కసారి వెనక్కి తిరిగి చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది హైమవతమ్మకు.

సుభాషిణి లేచింది. గట్టిగా ఏమైనా అంటుందని, తిడుతుందని తల్లి ఎదురుచూసింది. సుభాషిణి వంగి, పట్టీ కట్టిన చెయ్యి జాగ్రత్తగా పట్టుకుని, పిల్లను ఆమె ఒళ్లోంచి తీసుకుంది. నిద్ర చెదిరిన పిల్ల కెవ్వుమంది. అమ్మమ్మ కోసం చేతులు చాచింది. ఎనిమిది నెలల పిల్లకు ఎవరి తప్పెంతో ఏం తెలుస్తుంది? సుభాషిణి దాన్ని భుజాన వేసుకుని వెనక్కి చూడకుండా వరండాలోకి వెళ్లిపోయింది.

"సుభా, ఒక్కమాట వినవే..." అంది హైమవతమ్మ. తలుపు మూసుకుంది.

అది మళ్లీ తెరుచుకునేసరికి కూతురే అనుకుంది. కాదు. కెమెరా గదిలోంచి కాగితం తెచ్చిన మనిషి. డాక్టరమ్మ కవరు చించి, కళ్లజోడు సర్దుకుని, మొదటి పేజీ చదివింది. రెండో పేజీకి వెళ్లి, మళ్లీ మొదటి పేజీకి వచ్చింది. మొహంలో ఏమీ తెలియనివ్వలేదు. కాగితం బల్లమీద నిరంజన్ వైపు తిప్పి, ఒక వరుస మీద వేలు పెట్టింది. అతను చదివాడు. ఆ వరుస అంత పొడుగ్గా లేదు, అయినా చాలాసేపు చదివాడు.

"ఎంత బాబూ?" అంది హైమవతమ్మ.

నిరంజన్ లేచాడు. కాగితం నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆమె కుర్చీ పక్కనుంచే నడిచి బయటికి వెళ్లాడు.

తలుపు అవతల అతని గొంతు ఒక్క మాట అన్నట్టు వినిపించింది. ఆ తర్వాత సుభాషిణి గొంతు, పెద్దగా, పిల్ల ఏడుపులో కలిసిపోయి. అది దుఃఖమో, గండం గడిచిన మనిషి పెట్టిన కేకో ఇవతల నుంచి తెలియలేదు. హైమవతమ్మ ఖాళీ ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుంది. లేచి నాలుగడుగులు వేసి తలుపు తెరిస్తే తెలిసిపోతుంది. అలా తెరిచి అడిగే హక్కు తనకింకా మిగిలి ఉందో లేదో, అదే తెలియలేదు.